పాడుబడిన ఈతకొలనున్న ఇల్లు కొన్నారా? ముందే నీళ్లు తోడించకండి

చెన్నైలో నీలాంకరై, ఇంజంబాక్కం వైపు సముద్రానికి దగ్గరగా పాత ఇల్లు కొన్నవారికి ఒక్కోసారి ఇంటితోపాటు నాచు పట్టిన ఈతకొలను కూడా చేతికి వస్తుంది. మాకూ అలాగే వచ్చింది. రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు ఆ నీళ్లలో చెయ్యి ముంచితే, మణికట్టు మునిగేసరికి వేళ్లు కనిపించలేదు. చూసినవారందరూ చెప్పిన సలహా ఒక్కటే: మోటారు పెట్టి మొత్తం తోడించి, కడిగించి, మళ్లీ నింపమని. తీరప్రాంతంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా అదే.

ఖాళీ చేసిన కొలను నేలలో పాతిన పెద్ద తొట్టి వంటిది. చుట్టూ ఇసుకలో భూగర్భజలం పైదాకా ఉన్నప్పుడు, లోపలి నీటి బరువు పోగానే ఆ జలం అడుగు నుంచి పైకి నెట్టడం మొదలుపెడుతుంది. అడుగు పగులుతుంది, లేదా తొట్టి మొత్తం పైకి లేచి పైపులు విరుగుతాయి. కొన్ని కొలనుల అడుగున ఈ ఒత్తిడిని వదిలే వాల్వు ఉంటుంది కాని, ఏళ్ల తరబడి బురదలో కూరుకుపోయిన వాల్వును నమ్ముకోవడం మంచిది కాదు. పెరట్లో బావి ఉంటే తాడుకు రాయి కట్టి దింపి, నీరు నేలమట్టానికి ఎంత లోతున ఉందో కొలవండి. మా బావిలో డిసెంబరులో నీరు ఒక మీటరు లోతునే ఉంది, కొలను లోతువైపు అడుగేమో 1.8 మీటర్లు. అంటే ఖాళీ చేసే ప్రశ్నే లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వర్షాలకు నీటిమట్టం పెరుగుతుంది కనుక, టైల్స్ మార్చడం వంటి తప్పనిసరి పనులుంటే మే, జూన్ నెలల్లో మళ్లీ బావి కొలిచి చూసి పెట్టుకోవడం మేలు.

ఇంటి తాళాలు చేతికి వచ్చిన రోజే చేయవలసినవి రెండున్నాయి. కొలను చుట్టూ పిల్లలు ఎక్కలేని కంచె, గడియ ఉన్న గేటు పెట్టించాలి; అడుగు కనిపించని నీళ్లలో పడిన బిడ్డ గట్టు మీదున్నవారికి కనిపించదు. తరువాత ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పంపుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పనిచేస్తోందో లేదో పరీక్షింపజేయాలి. ఆ పరీక్ష అయ్యేవరకు నీళ్లలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. నేను ఆ వరుస తప్పాను, మీరు తప్పవద్దు.

ఆ తరువాత కొలనులో ఎన్ని నీళ్లున్నాయో లెక్క వేయాలి. మాది 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, లోతు ఒక మీటరు నుంచి 1.8 వరకు, అంటే సగటున 1.4. మూడింటినీ గుణిస్తే 44.8 ఘనపు మీటర్లు, అనగా 44,800 లీటర్లు. తోడించి పోసి ఉంటే 12,000 లీటర్ల ట్యాంకర్ లారీలు నాలుగు పట్టేవి. ఏ మందు ఎంత వేయాలన్నా ఈ అంకె కావాలి.

వలతో ఆకులు, చెత్త తీసివేశాక పంపు గదికి వెళ్లండి. పంపు ముందుండే జాలీ బుట్టను శుభ్రం చేసి, అందులో నీళ్లు నింపాకే స్విచ్ వేయాలి. నీళ్లు లేకుండా తిరిగితే పంపు సీలు కాలిపోతుంది. నీళ్లు ఏ దారిన పోవాలో మార్చే, ఇసుక ఫిల్టరు మీది పిడిని పంపు ఆపాకే తిప్పాలి. బ్యాక్‌వాష్ చేసినా, అంటే నీళ్లను ఇసుకలోంచి ఎదురు పంపి మడ్డిని బయటికి కడిగినా, నీళ్లు తేటగా రాకపోతే ఇసుక మార్పించాలి.

ఇప్పుడు పరీక్షల కిట్టుతో పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) చూసి, దాన్ని 7.2 దగ్గరకు తీసుకురావాలి. పీహెచ్ ఎక్కువగా ఉంటే క్లోరిన్ బలం తగ్గిపోతుంది. 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ పొడితో 10 పీపీఎం (లీటరు నీటికి 10 మిల్లీగ్రాముల) క్లోరిన్ రావాలంటే మా కొలనుకు సుమారు 700 గ్రాములు పట్టింది. బకెట్టు నీళ్లలో పొడి కలపాలే తప్ప, పొడి మీద నీళ్లు పోయకూడదు. ఆ బకెట్టులో యాసిడ్‌ను గాని, మరో రకం క్లోరిన్ బిళ్లలను గాని కలిపితే విషవాయువు వస్తుంది, మంటలూ రావచ్చు. ఎండకు క్లోరిన్ త్వరగా పోతుంది కనుక సాయంత్రం వేసి, రాత్రంతా పంపు నడిపి, గోడలను బ్రష్‌తో రుద్దాలి. పచ్చదనం పోయి నీళ్లు బూడిదరంగుకు తిరిగితే నాచు చస్తున్నట్టు. రాత్రి చూసిన క్లోరిన్ తెల్లవారేసరికి ఒక పీపీఎం కన్నా ఎక్కువ తగ్గకుండా నిలిచేవరకు ప్రతి సాయంత్రం ఇదే చేయాలి. పని వాయిదా వేయకండి. దోమ గుడ్డు వారం పది రోజుల్లో దోమై ఎగురుతుంది, డెంగీ మలేరియాలు ఈ నగరానికి కొత్త కావు.

చచ్చిన నాచు పొడిలా తేలుతూ ఉంటుంది. దానికి మన ఇళ్లలో బిందెల్లో తిప్పే పటికే మందు. ఫిల్టరు పిడిని ఇసుకలోంచి పోకుండా నీళ్లు తిరిగే స్థానంలో పెట్టి, సుమారు 2 కిలోల పటికను కరిగించి పోసి, కాసేపు తిప్పి పంపు ఆపేస్తే, తెల్లవారేసరికి మడ్డి అంతా అడుగున దుప్పటిలా పరుచుకుంటుంది. దాన్ని కదిలించకుండా వాక్యూమ్ గొట్టంతో నెమ్మదిగా బయటికి లాగాలి. ఆ నీళ్లను వాననీటి ఇంకుడు గుంటలోకి మాత్రం వదలకండి.

తగ్గిన నీళ్లను బోరు నీళ్లతో నింపేముందు ఒక తెల్ల బకెట్టులో పట్టి చిటికెడు క్లోరిన్ వేసి చూడండి. గోధుమరంగుకు తిరిగితే అందులో ఇనుము ఉన్నట్టే. ఆ నీళ్లు టైల్స్‌కు మరకలు పెడతాయి.

పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం మధ్య నిలిచినా, లోతువైపు అడుగున పంపు నీళ్లు లాగే రంధ్రం మీదున్న జాలీ మూత గట్టు మీద నుంచి స్పష్టంగా కనిపించేవరకు ఎవరూ దిగకూడదు. నీళ్లు తేటపడ్డాక చూస్తే మా మూతకు ఉండవలసిన నాలుగు మరల్లో రెండే ఉన్నాయి. మూత ఊడితే పంపు లాగే బలానికి పిల్లల జుట్టు, చెయ్యి అందులో చిక్కుకుపోతాయి. పంపు ఆపించి, మెకానిక్‌ను నీళ్లలోకి దింపి కొత్త మూత బిగింపజేశాకే పిల్లలకు గేటు గడియ తీశాము.