అండమాన్ ప్రయాణంలో వచ్చే తిప్పలు: ఎందుకొస్తాయి, వస్తే ఏం చేయాలి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచి అండమాన్ వెళ్లే తెలుగు కుటుంబాల కోసం ఇది. ఇక్కడ చెప్పే తిప్పల్లో చాలావాటికి మూలం ఒకటే: నాలుగు రోజుల్లో ఆరు రోజుల ప్రయాణం కుక్కడం. ఒక్క రోజు ఖాళీగా వదిలేయండి, సగం బెంగ తీరిపోతుంది.

విమానం అందలేదు

విశాఖకో భువనేశ్వర్‌కో అదే రోజు పొద్దున చేరేలా రైలు టికెట్టు తీసుకోవడమే కారణం. కోరాపుట్, జయపురం వాళ్లకు ఇది మరీ ప్రమాదం. వానాకాలంలో అరకు ఘాట్‌లో కొండరాళ్లు పట్టాల మీద పడితే కిరండూల్ లైన్లో రైళ్లు ఎప్పుడు కదులుతాయో ఎవరూ చెప్పలేరు. ముందురోజు సాయంత్రానికే చేరి, రాత్రి అక్కడే పడుకోండి.

విమానాశ్రయంలో ఆపేశారు

టికెట్టులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక. మన పేర్లు ఒడిశా కాగితాల్లోకి ఎక్కేటప్పుడు ఇలా తారుమారు కావడం మామూలే. టికెట్టు కొనేటప్పుడే ఆధార్ ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం చూసి రాయండి. ఓడ టికెట్టుకూ అదే పేరు వాడండి.

ఎండుకొబ్బరి ఏ సంచిలోనూ పెట్టకండి. నూనె ఎక్కువ కాబట్టి వేడికి దానంతటదే అంటుకునే సరుకుగా లెక్కేసి తీయించేస్తారు. ఆవకాయ సీసా పెద్ద సామానులో వేయండి. పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలోనే ఉండాలి.

వెనక్కి రావాల్సిన రోజు ఓడ రద్దయింది

స్వరాజ్ ద్వీప్ (పాత హావ్‌లాక్), షహీద్ ద్వీప్ (పాత నీల్) నుంచి శ్రీ విజయపురం రావడానికి దాదాపు అందరికీ ఓడే దారి. 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరే ఈ శ్రీ విజయపురం. గాలి పెరిగితే ఓడలు కదలవు. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫాను అండమాన్ సముద్రంలోనే వాయుగుండంగా మారింది. అంటే మన దగ్గర హెచ్చరిక మొదలయ్యేసరికే అక్కడ సముద్రం లేచి ఉంటుంది. మే నుంచి సెప్టెంబరు దాకా, మళ్లీ అక్టోబరు, నవంబరుల్లో వెళ్లేవాళ్లు ఓడ ఒక రోజు ఆగుతుందనే లెక్క వేసుకోవాలి. దూరపు దీవులు ముందు చూసేయండి. విమానానికి ముందు రాత్రి శ్రీ విజయపురంలోనే ఉండండి. వాన రోజుల్లో రెండు రాత్రులు.

ఓడలో వాంతులు

కళ్లకు గది కదలనట్టు కనిపిస్తుంది, చెవిలోపలి భాగం మాత్రం ఊగుతున్నామని చెబుతుంది. ఆ పొంతన కుదరకే వికారం. మాత్ర వాంతి మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవదు. అవోమిన్ లాంటిది ఓడెక్కడానికి గంటా రెండు గంటల ముందే పడాలి. నిద్ర తెప్పిస్తుంది, పిల్లలకు, గర్భిణులకు డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దు. ఖాళీ కడుపుతో వద్దు, పూరీలు తినీ వద్దు. రెండు ఇడ్లీలు చాలు. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో కూర్చుని దూరంగా నీరూ ఆకాశమూ కలిసే గీత చూడండి.

ఫోన్‌లో డబ్బు కట్టడం కుదరట్లేదు

చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక చాలా మెరుగైంది గానీ, చిన్న దీవుల్లో సిగ్నల్ ఇప్పటికీ వస్తూ పోతూ ఉంటుంది. రోజుకయ్యే ఖర్చులో సగమైనా నోట్లుగా పట్టుకెళ్లండి.

నీళ్లలో ఉండగా లోపలికి లాగేస్తోంది

ఒడ్డుకు కొట్టిన అల నీరంతా ఒకచోట సన్నటి పాయగా వెనక్కి పోతుంది. గోపాల్‌పూర్‌లోనూ ఇదే. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే ఆ పట్టీలోనే జనం దిగుతారు. లాగినప్పుడు ఒడ్డుకేసి ఈదితే అలిసిపోతారు. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. లాగుడు తగ్గాక అలతోపాటు బయటికి రండి. చెయ్యెత్తి పిలవండి. ఈత రానివాళ్లు నడుంలోతు దాటొద్దు.

మొసలి బోర్డు ఉన్నచోట మోకాలి లోతుకైనా దిగొద్దు. అవి ఉప్పునీటి మొసళ్లు. మడ అడవుల కాలువల నుంచి సముద్రంలోకీ వస్తాయి. చలికాలంలో సూర్యుడు ఐదింటికే అస్తమిస్తాడు, కాబట్టి నాలుగున్నరకల్లా నీళ్లలోంచి బయటికి వచ్చేయండి.

కాలికి ఏదో కుట్టింది, కోసుకుంది

ఏది కుట్టిందన్నదాన్ని బట్టి చికిత్స మారుతుంది. కొరడా దెబ్బల్లాంటి చారలు తేలి మంట పుడితే జెల్లీ చేప. ఇసుకతో రుద్దకండి, మంచినీళ్లు పోయకండి. అంటుకున్న తీగల్లో పేలని విషపు తిత్తులు ఉంటే అవి కూడా పేలతాయి. పెట్టె ఆకారపు జెల్లీ అయితే అర నిమిషం వెనిగర్ పోసి, తీగల్ని చిమటాతో తీయాలి. నీలిరంగు బుడగలాంటిదైతే వెనిగర్ వద్దు: సముద్రపు నీళ్లతో కడిగి తీగలు తీసి, వేడినీళ్లు పట్టాలి. ఊపిరి ఆడకపోయినా, గుండె దడదడలాడినా ఇవేవీ చేస్తూ కూర్చోక 112కు ఫోన్ చేయండి.

అడుగు వేయగానే పొడిచినట్టై, ప్రాణం పోయేంత నొప్పి ఎక్కుతుంటే రాయిచేప ముల్లో, టేకు చేప ముల్లో. ఆ విషం వేడికి చెడిపోతుంది. 45 డిగ్రీల నీళ్లలో, అంటే చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడిలో, 30 నుంచి 90 నిమిషాలు కాలు ముంచాలి. వేడి ఎంతో దెబ్బ తగలని చేత్తోనే చూడండి; మొద్దుబారిన కాలికి తెలియక చర్మం కాలిపోతుంది. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

పగడపు దిబ్బ మీద గీసుకుపోతే చిన్న గాయమే అనిపిస్తుంది. లోపల సున్నపు నలుసులు ఉండిపోయి మూడోరోజుకు చీము పడుతుంది. సబ్బు, మంచినీళ్లతో రుద్ది కడిగి నలుసులు తీసి, బెటాడిన్ రాయండి. పసుపూ కాఫీపొడీ అద్దొద్దు. టీటీ ఐదేళ్ల కిందటిదైతే మళ్లీ వేయించుకోండి. ముళ్లకూ, పగడపు గీతలకూ ముందు జాగ్రత్త ఒక్కటే, వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు వేసుకునే నీళ్లలో దిగడం.

స్కూబాలో చెవి నొప్పి

స్కూబా అంటే వీపున గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగుకు దిగడం. లోతుకు వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడి కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది. నొప్పి మొదలవకముందే, ప్రతి అడుగుకీ ముక్కు మూసి మెల్లగా గాలి ఊదాలి. నొప్పి వస్తే ఆగి కాస్త పైకి రండి. జలుబుంటే ఆ రోజు దిగొద్దు, కట్టిన డబ్బు పోయినా సరే. చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య 18 గంటలు ఉంచుకోండి.

తలనొప్పి, తిమ్మిరి, భుజాల మీద మంట

కోరాపుట్ చలువకు అలవాటైన ఒంటికి ఆ ఉక్కపోత ఒక్కసారిగా పడదు. లీటరు నీళ్లకు ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్. అది లేకపోతే తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. కాలిన చర్మానికి చల్లటి నీటి గుడ్డ వేయండి, కొబ్బరినూనె వద్దు, వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.

గవ్వలు, పగడపు ముక్కలు లాగేసుకున్నారు

ఒడ్డున దొరికిన చచ్చిన పగడమైనా తేవడం నేరం. పిల్లల జేబులు గదిలోనే తడిమి చూడండి.

ఇంటికొచ్చాక జ్వరం

అండమాన్‌లో మలేరియా, డెంగీ, రెండూ ఉన్నాయి. మన రాయగడ, కోరాపుట్‌లలోనూ మలేరియా ఉంది కాబట్టి ఇక్కడి జ్వరమే అనుకుని మాత్రలు మింగుతూ రోజులు గడిపేస్తారు. డాక్టర్‌కు మొదటి మాటగా దీవులకు వెళ్లొచ్చామని, ఏ తేదీన వచ్చామో చెప్పండి. డెంగీ ఎన్‌ఎస్1 పరీక్ష మొదటి ఐదు రోజుల్లోనే పనికొస్తుంది. పరీక్ష తేలేదాకా పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ ముట్టుకోవద్దు. డెంగీ అయితే రక్తస్రావం పెరుగుతుంది. ఒక రకం మలేరియా నెలల తర్వాత కూడా బయటపడుతుంది, అందుకని ఆ తేదీ ఏడాదిపాటు గుర్తుంచుకోండి.