స్కోప్ చుక్కలతో దూరం కొలవొచ్చు

మిల్‌డాట్ స్కోప్‌లో, అంటే గురి కోసం తుపాకీకి బిగించే దుర్బిణిలో, గీతల మీద ఉండే చుక్కలు గురికే కాదు, కొలతకూ పనికొస్తాయి. చుక్క నడిమి నుంచి పక్క చుక్క నడిమికి ఒక మిల్ (ఇది కోణం కొలత), అంటే 100 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్లు. ఎత్తు తెలిసిన వస్తువు దొరికితే చాలు. 2 మీటర్ల తలుపు 4 మిల్లులు కనిపిస్తే, 2ని 1000తో గుణించి 4తో భాగించండి: 500 మీటర్లు. అదే 3.5 అని చదివారా, లెక్క 571కి పోతుంది! అందుకే స్కోప్‌ను కదలకుండా దేనికైనా ఆనించి, పదోవంతు వరకు చదవాలి.

జూమ్ పెంచినప్పుడు గీతలు కూడా పెద్దవవుతున్నాయో లేదో చూసుకోండి. అవ్వకపోతే కంపెనీ చెప్పిన ఒక్క జూమ్ దగ్గరే ఈ లెక్క పనిచేస్తుంది. నేను మొదట్లో బోల్తా పడింది ఇక్కడే: సగం జూమ్‌లో కొలిస్తే దూరం రెట్టింపు వచ్చింది. అన్నట్టు, దీనికి తుపాకీ అక్కర్లేదు, మిల్ గీతలున్న బైనాక్యులర్ సరిపోతుంది.