తగరం చివర్లోనే వేయండి

ఇంటి దగ్గర చిన్న కొలిమి పెట్టుకుని కంచు పోసేవాళ్లకు ఒక మాట. రాగి, తగరం కలిపి ఒకేసారి మూసలో (లోహం కరిగించే పాత్రలో) వేయకండి. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది, రాగికి 1085 కావాలి. ఆలోపు తగరం కొంత మాడి తెల్లటి బూడిదవుతుంది. ముందు రాగి కరిగించి, గాలి తగలకుండా పైన పొడి బొగ్గు ముక్కలు చల్లండి. 90 పాళ్ల రాగికి 10 పాళ్ల తగరం ఆఖర్న వేసి, గ్రాఫైట్ కడ్డీతో కలిపి వెంటనే పోసేయండి.

కడ్డీకి గానీ తగరం ముక్కకు గానీ చెమ్మ ఉంటే మహా ప్రమాదం. చిన్న నీటిబొట్టు లోపలికి పోయినా ఆవిరై కరిగిన లోహాన్ని మొహం మీదకి చిమ్ముతుంది. నేనైతే రెండింటినీ కొలిమి అంచున పెట్టి బాగా వేడెక్కాకే వాడతాను. మొహానికి షీల్డ్, చేతులకు తోలు గ్లోవ్స్ తప్పనిసరి.