పెరటి నీటికుంటకు పాలిథిన్ పట్టా కొలత, వాగు అతుకు

పెరట్లో చిన్న నీటికుంట, అందులోకి జారే సన్నని వాగు ఏర్పాటు చేసుకోదలచినవారు సిమెంటుకు బదులు, రైతులు ఫారంపాండ్లలో (పొలాల్లో నీరు నిల్వచేసే కుంటల్లో) పరిచే మందపాటి పాలిథిన్ పట్టాను వాడితే ఖర్చు బాగా తగ్గుతుంది. గుంత పొడవుకు లోతును రెండింతలు చేసి కలిపి, అంచుల కోసం మరో 2 అడుగులు చేర్చాలి. వెడల్పుకూ ఇదే లెక్క. అంటే 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గల గుంతకు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న పట్టా కావాలి. పరిచే ముందు మొనదేలిన రాళ్లు, వేర్లు తీసివేసి మెత్తని ఇసుక వేయండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది అంచుల మట్టం. మేస్త్రీలు మట్టం చూడటానికి వాడే, నీరు నింపిన పారదర్శక గొట్టంతో నలువైపులా సరిచూసుకోకపోతే, ఒక మూల నీరు పొర్లిపోతుండగా ఎదురుమూలన పట్టా బయటపడి ఎండకు పెళుసెక్కుతుంది. వాగు పట్టా కింది కొస కుంట పట్టా మీదికి అడుగు మేర వచ్చి పడాలి. దాని కిందికి దూర్చితే పారే నీరంతా మట్టిలోకే ఇంకిపోతుంది. కుంట నీటిని మళ్లీ వాగు పైకొసకు ఎక్కించడానికి, ఎత్తు మరీ ఎక్కువ కాకపోతే, కూలర్ పంపు చాలు. దోమల లార్వాలను తినే గప్పీ చేపలను మాత్రం తప్పక వదలండి.