దూరవిద్య సర్వే, 4వ పాఠం: జవాబులకు భారం కట్టడం

పోయిన పాఠంలో 2,000 కాలేజీల జాబితాను విద్యార్థుల సంఖ్యను బట్టి మూడు స్తరాలుగా, అంటే గుంపులుగా, విడదీశాం: పెద్దవి 200, మధ్యరకం 600, చిన్నవి 1,200. వాటిలోంచి వరుసగా 100, 120, 120 కాలేజీలను యాదృచ్ఛికంగా ఎంచుకున్నాం. పెద్దవాటిలో సగం తీసుకున్నాం, చిన్నవాటిలో పదింట ఒకటే. దూరవిద్యలో చేరినవారి మొత్తం సంఖ్య చాలావరకు పెద్ద కాలేజీల మీదే ఆధారపడుతుంది కాబట్టి ఆ తేడా కావాలనే పెట్టుకున్నాం. ఇప్పుడు దాన్ని లెక్కలో సరిదిద్దుకోవాలి.

జవాబులు పెద్దవాటి నుంచి 90, మధ్యరకం నుంచి 100, చిన్నవాటి నుంచి 80 వచ్చాయనుకుందాం. దూరవిద్య కోర్సులు ఉన్నాయని చెప్పినవి 72, 50, 16. చాలామంది ఇక్కడే 138ని 270తో భాగించి 51 శాతం అని రాసేస్తారు. అది తప్పు. వచ్చిన జవాబుల్లో పెద్ద కాలేజీలు మూడో వంతు. అసలు జాబితాలో పదో వంతే.

ముందు ఎంపిక భారం కట్టండి, అంటే ఎంచుకున్న ఒక్కో కాలేజీ జాబితాలోని ఎన్ని కాలేజీల తరఫున నిలుస్తుందో ఆ సంఖ్య. స్తరంలోని కాలేజీల సంఖ్యను నమూనా సంఖ్యతో భాగిస్తే 2, 5, 10 వస్తాయి. ఆ తర్వాత స్పందన సవరణ: ఎన్ని కాలేజీలకు ప్రశ్నావళి పంపామో ఆ సంఖ్యను జవాబిచ్చిన వాటి సంఖ్యతో భాగించి, ఎంపిక భారాన్ని దానితో గుణించాలి. చిన్నవాటికి 10 × 120/80 = 15. మధ్యరకానికి 6. పెద్దవాటికి 2.222... దీన్ని 2.2 అని కుదించకండి. ప్రతి జవాబు పక్కన దాని భారం వేసి ఆ వరుసంతా కూడితే (నమూనాలో మూతపడిన కాలేజీలు లేకపోతే) 2,000 రావాలి; రాకపోతే ముందుకు వెళ్లకండి. మూతపడిన కాలేజీ ఏదైనా నమూనాలో తగిలితే అది జవాబివ్వని కాలేజీ కాదు, సర్వే పరిధిలోనే లేనిది. దాన్ని స్పందన సవరణలో కలిపితే భారాలు అనవసరంగా పెరుగుతాయి.

ఇప్పుడు ‘ఉన్నాయి’ అన్న జవాబుల భారాలు కూడండి: 160 + 300 + 240 = 700. అంటే 35 శాతం. 51కీ దీనికీ ఎంత దూరమో చూడండి.

ఈ 35కి ప్రామాణిక దోషం కూడా కట్టాలి, అంటే వేరే నమూనా తీసి ఉంటే ఈ అంచనా ఎంత అటూ ఇటూ అయ్యేదో చెప్పే కొలత. ఒక్కో స్తరానికీ నాలుగు అంశాలను గుణించాలి: జాబితాలో ఆ స్తరం వాటా వర్గం (వాటాను దానితోనే గుణిస్తే వచ్చేది), స్తరంలోని మొత్తం కాలేజీల్లో స్పందించిన భాగాన్ని 1 లోంచి తీసేయగా మిగిలింది, ‘ఉన్నాయి’ నిష్పత్తి, ‘లేవు’ నిష్పత్తి. వచ్చినదాన్ని జవాబుల సంఖ్యలో ఒకటి తక్కువతో భాగించాలి. చిన్నవాటికి 0.36 × 0.933 × 0.2 × 0.8 ÷ 79 = 0.00068. మిగతా రెండు స్తరాలవీ కలిపితే మొత్తం 0.00088, దాని వర్గమూలం 0.0297. దీన్ని 1.96తో గుణిస్తే 5.8 శాతం పాయింట్లు. కాబట్టి 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు శాతం ఉండగలదని నమ్మదగిన పరిధి, దాదాపు 29 నుంచి 41. ఆ 0.00088లో ముప్పావు వంతుకు పైగా చిన్న కాలేజీల నుంచే వస్తోంది. శాతమే మీకు ముఖ్యమైతే ఈసారి నమూనాలో వాటినే పెంచండి.

ఈ సూత్రానికి అందని దోషం ఒకటుంది, అదే ఎక్కువ ప్రమాదకరం. దూరవిద్య లేని చిన్న కాలేజీ ‘ఇది మాకు సంబంధించింది కాదు’ అని ప్రశ్నావళిని పక్కన పడేస్తుంది. అప్పుడు వచ్చిన 80 జవాబుల్లో ‘ఉన్నాయి’ అనేవి అసలుకన్నా ఎక్కువగా కనిపిస్తాయి. భారం కట్టినా ఆ వంకర పోదు, 15 రెట్లయి కూర్చుంటుంది. అందుకే మొదటి ప్రశ్న ‘గత విద్యాసంవత్సరంలో దూరవిద్య కోర్సు నడిపారా?’ అని ఉండాలి. ‘లేదు’ అన్నవారు అక్కడే ఆపి తిప్పి పంపవచ్చని దాని కిందే రాయాలి. అయినా జవాబివ్వని 40లోంచి 10 కాలేజీలను యాదృచ్ఛికంగా తీసి, ఫోన్‌లో ఆ ఒక్క ప్రశ్నే అడగండి.

అభ్యాసం: మధ్యరకంలో మిగిలిన 20 కాలేజీలూ ఆలస్యంగా జవాబిచ్చాయి, వాటిలో 4 మాత్రమే ‘ఉన్నాయి’ అన్నాయి. కొత్త భారం 5, మొత్తం శాతం 33.5 రావాలి. ముందు వచ్చిన 100లో సగం ‘ఉన్నాయి’ అంటే, ఆలస్యంగా వచ్చినవాటిలో ఐదో వంతే అలా అన్నాయి. చిన్న స్తరంలోనూ ఇదే జరిగి ఉంటే, అంటే జవాబివ్వని 40లో 2 మాత్రమే ‘ఉన్నాయి’ అనేవైతే, 33.5 ఎంతకు దిగుతుందో కట్టి చూడండి.