మినుము విత్తనానికి ట్రైకోడెర్మా పట్టించే ముందు

గోదావరి డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే మినుము చల్లేస్తాం. ఆ హడావుడిలో విత్తనశుద్ధి తూతూమంత్రంగా చేస్తే, తర్వాత వేరుకుళ్లుతో మొక్కలు ఎండిపోతుంటే చూస్తూ కూర్చోవాలి.

ముందు ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి. ట్రైకోడెర్మా అంటే వేరుకుళ్లు తెగులును అణిచే, బతికున్న శిలీంధ్రం. మిట్టమధ్యాహ్నం బండి డిక్కీలో వదిలేయొద్దు.

కిలో విత్తనానికి 10 గ్రాములు. చల్లారిన పల్చటి గంజి చిలకరించి, నీడలో పట్టా మీద చేత్తో మెల్లగా దొర్లించండి. గింజకు పొడి సన్నగా అంటుకోవాలి. పొట్టు ముడతలు పడిందంటే తడి ఎక్కువైనట్టే. ముక్కుకు తువాలు కట్టుకోవడం మరవొద్దు.

కార్బెండజిమ్‌ అనే తెగులు మందుతో మాత్రం కలపకండి, తెగులుతో పాటు దీన్నీ చంపేస్తుంది. పురుగుమందు పట్టించేదుంటే ముందు అది. ఆరాక ట్రైకోడెర్మా, రైజోబియం (మొక్కకు నత్రజని అందించే బ్యాక్టీరియా).

పొలంలో చల్లడానికైతే వారం పది రోజుల ముందే మొదలుపెట్టాలి: 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా. నీడలో తడిపి గోనెసంచులు కప్పండి. పచ్చటి బూజు కమ్మితే సిద్ధమైనట్టే. నేలలో పదును ఉన్నప్పుడే, సాయంత్రం పూట చల్లండి.