బండల పాలిష్‌కు పనివారిని మాట్లాడుకునే ముందు

ఇంట్లో తాండూరు, బేతంచెర్ల, కడప బండలు గాని, మార్బుల్ గాని పరిచి ఉన్నవారు పాలిష్ పనివారిని పిలిచినప్పుడు, చదరపు అడుగుకు ఎంత అని అడగడానికి ముందే, మరకలు తీయడానికి ఏమి వాడతారో అడగండి. ఈ రాళ్లలో సాధారణంగా అధికంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. యాసిడ్ తగలగానే అది నురగలు కక్కుతూ కరిగిపోతుంది, పైనున్న నునుపు పోయి పాలిపోయిన మచ్చ మిగులుతుంది. గ్రానైట్‌కు నిమ్మరసం, వెనిగర్ వల్ల ఇంత నష్టం ఉండదు. బండలను యాసిడ్‌తో కడిగేస్తామని చెప్పే మేస్త్రీకి, ధర ఎంత తక్కువైనా, నేనైతే పని అప్పగించను.

మాట కుదిరాక మంచం కిందనో, బీరువా వెనుకనో రెండడుగుల మేర నమూనాగా పాలిష్ చేయించి, అది పూర్తిగా ఆరిన తరువాతనే మిగతా పనికి ఒప్పుకోండి, ఎందుకంటే తడిగా ఉన్న బండ ఎప్పుడూ మెరుస్తూనే కనబడుతుంది. పగుళ్లు, సందులు ముందుగా పూడ్చాలి. అరగదీసే పలకలను గరుకు నుండి నునుపుకు వరుస తప్పకుండా మార్చాలి. మధ్యలో ఒకటి వదిలేస్తే గుండ్రటి గీతలు నిలిచిపోయి, కిటికీలోంచి ఏటవాలు ఎండ పడినప్పుడు బయటపడతాయి. పాలిష్ బురదను మాత్రం బాత్‌రూమ్ తూములోకి వదలనివ్వకండి, అది లోపల పేరుకుని గొట్టాన్ని మూసివేస్తుంది.